రెండు లక్షల ఆశ

వ్యాపారానికి తెలివి, ఓర్పు కావాలన్న పాతకాలపు మూఢనమ్మకాన్ని ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ శాఖ 2024 అక్టోబరు 14న జిల్లా జిల్లాలోనూ లాటరీ తీసి మరీ తొలగించింది. 3,396 మద్యం దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి రుసుము రెండు లక్షలు. నంబరు తగిలినా తగలకపోయినా ఆ సొమ్ము తిరిగి రాదు. ఆ విధంగా ఒక్క సీసా మూతైనా తీయకముందే ఖజానాకు 1,797 కోట్లు చేరాయి. బావమరిది పేరున ఒకటి, మేనల్లుడి పేరున ఒకటి, పాపం కారు డ్రైవరు పేరున ఇంకొకటి వేసి ఓడిపోయిన ఆ 86,486 దరఖాస్తుల యజమానులకు ప్రభుత్వం కనీసం శాలువా అయినా కప్పకపోవడం విచారకరం.

మద్యం అమ్మకం విషయంలో మన ప్రభుత్వాల సిద్ధాంతాలు ఎంతో స్థిరమైనవి, ఎన్నికల వరకు. 1995లో మద్యం పాపమైంది, 1997లో ఆదాయమైంది. 2019 అక్టోబరులో ప్రైవేటు వ్యాపారి చెడ్డవాడై, సర్కారే గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. అడిగిన బ్రాండు కాక ఉన్న బ్రాండు తీసుకునే సంస్కారం జనానికి అప్పుడే అలవడింది. అయిదేళ్లకు సర్కారు చెడ్డదై, వ్యాపారి మళ్లీ మంచివాడయ్యాడు. ఈ మార్పులన్నింటిలో ఎన్నడూ నష్టపోనివాడు బోర్డులు రాసే పెయింటరు ఒక్కడే.

ఇక లాటరీ గెలిచిన వ్యాపారి స్వేచ్ఛను చూడండి. సరుకును ప్రభుత్వ డిపోలోనే కొనాలి, ధర సీసా మీదే అచ్చయి ఉంటుంది, తలుపు తీసే వేళ, మూసే వేళ సర్కారువే, రెండేళ్లు నిండగానే లైసెన్సుకు కాలం చెల్లుతుంది. పోటీ, ధర, సరుకు అనే చీకాకులేవీ లేని ఇంత నిర్మలమైన వ్యాపారాన్ని ఇడ్లీ బండ్లకూ, మంగలి దుకాణాలకూ ఎందుకు విస్తరించరో తెలియదు.

అయినా సొంత నిర్ణయానికి చోటు బొత్తిగా లేదనలేం. కొత్త విధానంలో క్వార్టరు 99 రూపాయలకే వచ్చింది. మొన్న ఒక దుకాణం ముందు నిలబడి చూశాను. వంద నోటు ఇచ్చి చెయ్యి చాపిన మేస్త్రీని కౌంటరు వెనక కుర్రాడు ఎగాదిగా చూసి, “చిల్లర లేదు బాబాయ్” అన్నాడు.