మాంటెస్క్యూ గోడలు కట్టమనలేదు

ప్రభుత్వాధికారాన్ని శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలుగా మూడు ముక్కలు చేసి మధ్య గోడలు కట్టమని ఫ్రెంచ్ తత్వవేత్త మాంటెస్క్యూ చెప్పాడనీ, అమెరికా రాజ్యాంగం అచ్చం అలాగే చేసిందనీ ఒక వ్యాసంలో రాశారు. రెండూ సగం నిజాలే. 1748 నాటి ‘ది స్పిరిట్ ఆఫ్ ది లాస్’ గ్రంథంలో ఆయనే, శాసనసభ చేసిన చట్టాన్ని ఆపే హక్కు రాజుకు ఉండాలన్నాడు. మొత్తం అధికారం ఒకే చేతిలో పడకూడదన్నదే ఆయన బాధ. అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన మాడిసన్ 1788లో, ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాల్లో 47వ దానిలో తీర్చింది సరిగ్గా ఈ అపోహనే.

అమెరికాలో బిల్లు నడిచే దారి చూడండి. రెండు సభలూ ఆమోదించాక అధ్యక్షుడి దగ్గరికి వస్తుంది. ఆదివారాలు పోను 10 రోజుల గడువు. అభ్యంతరాలు రాసి తిప్పి పంపితే, అది చట్టం కావడానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. ఊరుకుంటే సంతకం లేకుండానే చట్టమవుతుంది. ఈలోపు కాంగ్రెస్ (ఆ రెండు సభలూ కలిసిన అమెరికా పార్లమెంటు) వాయిదా పడి, తిప్పి పంపే వీల్లేకపోతే మాత్రం బిల్లు అక్కడితో సరి. పాకెట్ వీటో అంటే ఇదే. వీటిలో గోడ ఎక్కడుంది?

ఈ ఏర్పాటు దెబ్బతినేది పార్టీల దగ్గర. ఒక శాఖ పెత్తనాశను ఇంకో శాఖ పెత్తనాశ అడ్డుకుంటుందని మాడిసన్ లెక్క. అధ్యక్షుడూ, రెండు సభల్లో మెజారిటీ ఒకే పార్టీవైతే, సభ్యులు సభ పరువు కన్నా పార్టీ మాటే చూసుకుంటారు.

అన్నట్టు, మాంటెస్క్యూ నమూనాగా చూపిన ఇంగ్లండులో అప్పటికే మంత్రులు పార్లమెంటులో కూర్చుంటున్నారు!