సవతి బిడ్డలా వచ్చిన ‘స్టార్‌గేట్ యూనివర్స్’

ఖాళీ ఓడ. ఎన్నో యుగాలుగా మనిషి అలికిడి లేని నడవాల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఓ పెద్ద హాల్లో ఉన్న వలయం గిర్రున తిరుగుతుంది. అందులోంచి ఒకడు ఎగిరొచ్చి నేల మీద పడతాడు. వాడు లేచేలోపే ఇంకొకడు, ఆ వెనకే పెట్టెలు, రక్తాలు కారుతున్న మనుషులు. ఎవరు వీళ్లు, ఎక్కడికొచ్చారు అన్నది ఎవరూ చెప్పరు. 2009 అక్టోబర్ 2న అమెరికాలో ‘స్టార్‌గేట్ యూనివర్స్’ అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ఇలా మొదలైంది.

ఆ వలయమే స్టార్‌గేట్, ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి క్షణాల్లో చేర్చే ద్వారం. అప్పటిదాకా ఈ వరసలో వచ్చిన సీరియల్స్‌లో అందులోంచి జనం పక్క వీధికి వెళ్లొచ్చినంత తేలిగ్గా నడిచి వచ్చేవారు. మధ్యలో ఓ జోకు కూడా వేసేవారు. ఇక్కడ మాత్రం విసిరేసినట్టు పడ్డారు. తర్వాత రెండేళ్లు అభిమానుల మధ్య నడిచిన గొడవంతా ఆ తొలి దృశ్యంలోనే ఉంది.

1994లో సినిమాగా వచ్చిన ‘స్టార్‌గేట్’ 1997లో ‘ఎస్‌జీ-1’ పేరుతో టీవీకి ఎక్కింది. పదేళ్లు, పది సీజన్లు, 214 ఎపిసోడ్లు. దాన్నుంచి 2004లో ‘అట్లాంటిస్’ పుట్టి వంద ఎపిసోడ్లు నడిచింది. రెండింటి గుట్టూ ఒకటే: నలుగురు మంచివాళ్ల జట్టు, వారానికో గ్రహం, కాస్త పురాణం, కాస్త సైన్సు, బోలెడంత హాస్యం. బ్రాడ్ రైట్, రాబర్ట్ కూపర్ కలిసి తెచ్చిన మూడోది ఈ గుట్టు వద్దనుకుంది. ఇందులో ఉన్నవి ఎనభై మంది దాకా మనుషులు, ఒక పాత ఓడ, తిరిగి వెళ్లే దారి లేని ప్రయాణం. వాళ్లలో చాలామందికి ఒకరంటే ఒకరికి పడదు.

చీకటిగా ఉంది, నవ్వు లేదు, అప్పుడే ముగిసిన మరో అంతరిక్ష సీరియల్ ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’కి కాపీలా ఉంది అన్నవి తరచూ వినిపించిన ఫిర్యాదులు. అవి అబద్ధమనను. కానీ కోపానికి అసలు వేరు అక్కడ లేదు. ‘అట్లాంటిస్’ మొదలైనప్పుడు ‘ఎస్‌జీ-1’ ఇంకా నడుస్తూనే ఉంది. పెద్దది ఇంట్లో ఉండగానే చిన్నది పుట్టింది. ‘స్టార్ ట్రెక్’ అనే మరో అంతరిక్ష సీరియళ్ల కుటుంబంలోనూ అంతే. 1993లో ‘డీప్ స్పేస్ నైన్’ వచ్చినప్పుడు, కదలని స్టేషన్‌లో కూర్చునే ఈ కథేమిటని విసుక్కున్నవాళ్లకు, చూడటానికి పాత సీరియల్ పక్కనే ఉంది. విసుక్కుంటూనే అలవాటు పడ్డారు. చివరికది ఏడు సీజన్లు, 176 ఎపిసోడ్లు నిలబడింది.

‘యూనివర్స్’కు ఆ వెసులుబాటు దొరకలేదు. 2008 ఆగస్టులో ‘అట్లాంటిస్’ను ఆపేస్తున్నామన్నారు. కొద్దిరోజుల తేడాలోనే కొత్త సీరియల్‌కు పచ్చజెండా ఊపారు. ‘అట్లాంటిస్’కు సినిమా తీస్తామన్న మాట మిగిలింది, సినిమా మాత్రం రాలేదు. అభిమాని కంటికి ఇదెలా కనపడుతుంది? పెద్దదాన్ని వెళ్లగొట్టి సవతి బిడ్డను తెచ్చి కూర్చోబెట్టినట్టు. ఆ బిడ్డ ఏం చేసినా తప్పే. పాతవాళ్లను అతిథులుగా రప్పించారు. ‘ఎస్‌జీ-1’ హీరో రిచర్డ్ డీన్ ఆండర్సన్ తొలి ఎపిసోడ్‌లోనే తన పాత పాత్ర జనరల్ ఓనీల్‌గా కనిపిస్తాడు. కానీ ఆ నాలుగు సీన్లూ చూశాక పోగొట్టుకున్నదేమిటో ఇంకా బాగా గుర్తొచ్చింది.

సరిగ్గా ‘యూనివర్స్’ మొదలైన 2009లోనే, దాన్ని ప్రసారం చేసిన ఛానల్ తన పేరు స్పెల్లింగ్ కూడా మార్చుకుంది. తెలుగులో రాస్తే పాతదీ (Sci Fi) కొత్తదీ (Syfy) రెండూ సైఫైయే కాబట్టి మనకు తేడా తెలియదు. అక్కడ మాత్రం, సైన్స్ ఫిక్షన్ అని చెప్పుకోవడానికి వీళ్లకు సిగ్గేస్తోందా అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంతకీ సీరియల్ ఎలా ఉంది? మొదటి ఎపిసోడ్ల పేర్లు చూడండి: గాలి, చీకటి, వెలుగు, నీరు, భూమి. పంచభూతాల లెక్క తెలిసిన మనకు ఈ వరస చూడగానే నవ్వొస్తుంది. కానీ రచయితల ఆలోచన బాగుంది. శత్రువు ఇంకా రానేలేదు, ముందు ఊపిరి ఆడాలి. గాలి శుద్ధి చేసే యంత్రం పాడైంది. లీకవుతున్న షటిల్ తలుపు లోపలి నుంచే మూయాలి, మూసినవాడు బతకడు. ఒక సెనేటర్ వెళ్లి మూస్తాడు.

‘వెలుగు’ ఎపిసోడ్ ఇంకా గొప్పది. ఓడలో కరెంటు అయిపోయింది, ఎదురుగా నక్షత్రం, నేరుగా అందులోకే పోతోంది. చిన్న షటిల్‌లో పదిహేడు మందికే చోటు. లాటరీ తీస్తారు. దళపతి కల్నల్ యంగ్ తన చీటీ వేయడు. సైంటిస్టు రష్ కూడా వేయడు. మిగిలినవాళ్లు చావు కోసం కూర్చున్నాక, ఓడ నక్షత్రంలోకి దూరి, దాని వేడిని తాగి, అటు నుంచి బయటికొస్తుంది. ఆ ఓడ ఇన్ని లక్షల ఏళ్లుగా బతుకుతున్నదే అలా అని అప్పుడు తెలుస్తుంది. వందల ఎపిసోడ్ల ఈ కుటుంబంలో ఇంతకంటే మంచి ఊహ నాకు కనపడలేదు.

రష్‌గా రాబర్ట్ కార్లైల్ సీరియల్ మొత్తాన్ని తన భుజాన మోశాడు. రష్ అబద్ధాలాడతాడు, తన లక్ష్యం కోసం ఎవరినైనా బలిపెడతాడు, కానీ ఓడను నిజంగా ప్రేమించేది అతనొక్కడే. పదో ఎపిసోడ్‌లో యంగ్ అతన్ని కొట్టి ఓ పరాయి గ్రహం మీద వదిలేసి వస్తాడు, తోటివాళ్లతో అబద్ధం చెబుతాడు. పాత సీరియల్స్‌లో హీరో చేసే పని కాదిది. సగం మంది అక్కడే టీవీ కట్టేయాలనుకుని ఉంటారు. నాకైతే కథ అక్కడే మొదలైందనిపించింది.

అయితే అభిమానులది వట్టి మొండితనం అనడానికి లేదు. సీరియల్ చేసుకున్న సొంత తప్పులు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది, ఆ రాళ్లు. ఓడ భూమికి ఊహకందనంత దూరంలో ఉంది. ఇంటికి దారి లేదన్నదే కథకు ప్రాణం. కానీ ఒక రాయి ముట్టుకుంటే చాలు, భూమ్మీద ఇంకొకరి ఒంట్లోకి వెళ్లి పెళ్లాం పిల్లల్ని చూసి రావచ్చు! దారి తప్పినవాళ్లు మధ్యమధ్యలో ఇంటికెళ్లి వస్తుంటే ఇక టెన్షన్ ఎక్కడిది? పైగా యంగ్ మరొకరి శరీరంలో వెళ్లి తన భార్యతో గడుపుతాడు. ఆ శరీరం అసలు యజమాని ఒప్పుకున్నాడా? రచయితలు ఆ ప్రశ్న ఎదురుగా నిలబడలేదు. దానికితోడు ఓడలోని కుర్రకారు స్కాట్, క్లోయీ, ఈలైల ముక్కోణపు ప్రేమ. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

తొలి ఎపిసోడ్ చూసినవాళ్లు 23 లక్షలకు పైనే. సీజన్ ముగిసేసరికే చాలామంది జారిపోయారు. అంటే వాళ్లు చూడకుండా తిట్టినవాళ్లు కాదు, వచ్చి కూర్చుని, నచ్చక లేచిపోయినవాళ్లు. ఆపైన 2010 శరత్కాలంలో శుక్రవారం రాత్రిని కుస్తీ పోటీలకు ఇచ్చి దీన్ని మంగళవారానికి తోశారు. మంగళవారం పెద్ద ఛానళ్ల పోటీ ఎక్కువ. ప్రేక్షకులు పది లక్షల చుట్టుపక్కలకు పడిపోయారు. డిసెంబర్‌లో రద్దు ప్రకటన వచ్చింది, అప్పటికి రెండో సీజన్‌లో సగం ఇంకా ప్రసారమే కాలేదు.

ఆ మిగిలిన సగమే ఈ సీరియల్‌కు తలమానికం. కాలంలో జరిగిన ఓ ప్రమాదం వల్ల ఇదే బృందం ప్రతిరూపం రెండువేల ఏళ్ల వెనక్కి వెళ్లి, ఓ గ్రహం మీద కొత్త జాతికి మూలపురుషులవుతుంది. వీళ్లు ఆ గ్రహం చేరి, తాము ఎన్నడూ బతకని బతుకుల రికార్డులు చూస్తారు: ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఎవరు ఏ జబ్బుతో పోయారు. మన చావును మనమే స్క్రీన్ మీద చూసుకున్నట్టు. ఒకరంటే ఒకరికి పడని గుంపు ఆపాటికి ఓ ఊరిలా మారిపోయింది. ముప్పై ఎపిసోడ్ల చిరాకు లేకుండా ఆ మార్పు రాదన్నది నా వాదన. ముప్పై ఎపిసోడ్లు ఓపిక పట్టమని ప్రేక్షకుణ్ని అడిగే హక్కు టీవీకి ఉందా అని మీరడిగితే, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

2011 మే 9న నలభయ్యో ఎపిసోడ్‌తో అంతా అయిపోయింది. శత్రువులు దారి మూశారు, తప్పించుకోవాలంటే పక్క గెలాక్సీ దాకా ఆగకుండా పోవాలి, మూడేళ్లు అందరూ నిద్రపెట్టెల్లో ఉండాలి. ఒక పెట్టె పాడైంది. ఈలై ఆగిపోతాడు. వీడియో గేములో దాచిన లెక్క తేల్చి ఈ ప్రయాణంలోకి వచ్చిపడ్డ కుర్రాడతను. బాగు చేసుకోవడానికి రెండు వారాల గాలి ఉంది. అందరూ నిద్రపోయాక కిటికీ దగ్గర నిలబడి నక్షత్రాలను చూస్తాడు, చిన్నగా నవ్వుతాడు. వెనక దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి.

పాత ‘స్టార్‌గేట్’ అంటే ఏమిటో అచ్చంగా అదే ఆ నవ్వు. కానీ అది కావాలని మొదటి వారం నుంచి అడిగినవాళ్లలో చాలామంది ఆ రాత్రి టీవీ ముందు లేరు.