జోకునకు ప్రతిపదార్థ తాత్పర్యములు వ్రాయుము

జోకును వివరిస్తే చచ్చిపోతుందని ఒక అపవాదు చాలాకాలంగా ప్రచారంలో ఉంది. వివరించేవాళ్ల మీద కక్షతో నవ్వేవాళ్లు పుట్టించిన మాట ఇది. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనం. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యంలో రామకథ, భారతకథ రెండూ నడిపిస్తే, ఆ శ్లేషను విడమరిచి చెప్పినవాళ్లను పండితులన్నాం. టీవీలో వచ్చిన శ్లేషను విడమరిస్తే మాత్రం ‘కాస్త నోరు మూసుకుంటావా’ అంటున్నాం. ఈ పక్షపాతం మీద ఎవరైనా గట్టిగా మాట్లాడాలి. ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడుతున్నాను.

1976లో బీబీసీ వారి హాస్య కార్యక్రమం ‘ద టూ రోనీస్’లో వచ్చిన ఒక స్కిట్‌నే తీసుకోండి. ఇనప సామాన్ల కొట్టుకు వచ్చిన మనిషి ‘ఫోర్ క్యాండిల్స్’ అన్నట్టు వినిపిస్తుంది. కొట్టతను నాలుగు కొవ్వొత్తులు తెచ్చి బల్ల మీద పెడతాడు. కాదయ్యా, నేనడిగింది ‘ఫోర్క్ ఆండిల్స్’ అంటాడు వచ్చినాయన. జనం గొల్లున నవ్వుతారు. సరిగ్గా ఇక్కడే జోకును వివరించే వ్యాఖ్యాత రిమోట్ అందుకుని బొమ్మ ఆపాలి.

ఫోర్క్ అనగా నూడుల్స్ తినేది కాదు, తోటలో మట్టి తిరగేసే పనిముట్టు. ఆండిల్ అనగా హ్యాండిల్, పిడి. మరి హకారం ఏమైంది? ఆయన మాట్లాడే యాసలో మాట మొదట్లో హకారానికి లోపం వస్తుంది. ప్రతిపదార్థం ఇంతే. విశేషాల్లోకి వెళ్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ కొట్టులో సరుకంతా బల్ల వెనకే ఉంటుంది, నోరు తెరిచి అడిగితేనే తీసిస్తారు. అదే సూపర్‌మార్కెట్ అయితే ఆయనే వెళ్లి పిడులు ట్రాలీలో వేసుకునేవాడు, జోకు పుట్టేదే కాదు. కాబట్టి ఇది ఉచ్చారణ మీద జోకు వేషం వేసుకున్న చిల్లర వర్తక చరిత్ర. ఈ మాట అనగానే పక్కనున్నవాళ్లు సోఫాలోంచి లేస్తారు. లేవనివ్వండి. తర్వాత ఆయన ‘ఓస్’ అడుగుతాడు. హోస్ అనే కలుపు తీసే పనిముట్లా, హోస్ అనే నీళ్ల గొట్టమా, ‘ఓ’ అనే అక్షరాలా అని కొట్టతను తల పట్టుకుంటాడు. (తెలుగువాళ్లకు ఇంకో అర్థం కూడా దొరుకుతుంది: ఓస్, ఇంతేనా!) అక్కడికొచ్చేసరికి గదిలో వ్యాఖ్యాత ఒక్కడే ఉంటాడు.

కాలం చెల్లిన ప్రస్తావనలది ఇంకో గోల. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం 1970లో చేసిన స్కిట్‌లో ఓ హోటల్లో దాదాపు ఏం అడిగినా అందులో స్పామ్ ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలోనూ, బ్రిటన్‌లో 1954 దాకా సాగిన రేషన్ రోజుల్లోనూ జనం తిని తిని మొహం మొత్తిన డబ్బా మాంసం అది. ఆ స్కిట్ పుణ్యమా అనే కంప్యూటర్లవాళ్లు అక్కర్లేని మెయిళ్లకు ఆ పేరు పెట్టారు. ఇవాళ ఆ స్కిట్ చూసిన కుర్రాడు ‘అబ్బో, 1970లోనే ఈమెయిల్ మీద జోకేశారే’ అని ఆశ్చర్యపోతున్నాడు. కొడుకు పేరు చెప్పి తండ్రిని పరిచయం చేయాల్సి వస్తోంది.

మన హాస్యమేమీ తక్కువ తినలేదు. ఒకడు మేడెక్కి యాంటెన్నా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని అరుస్తాడు, కిందనుంచి ఇంకొకడు ‘వచ్చింది, వచ్చింది... ఆఁ, పోయింది!’ అంటాడు. పెద్దవాళ్లు పడీ పడీ నవ్వుతారు. పిల్లవాడు అడుగుతాడు: ఏం వచ్చింది? బొమ్మ. ఎక్కడికి పోయింది? గాలికి. మరి వచ్చేదాకా పాజ్‌లో పెట్టుకోవచ్చుగా? ఈ ప్రశ్నకు ఏ తాత్పర్యమూ చాలదు, దూరదర్శన్ చరిత్ర మొదటినుంచీ చెప్పుకురావాలి.

అమెరికాలో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు 1950లలో ఒక పెట్టె తయారుచేశాడు. మీట నొక్కితే రికార్డు చేసిన నవ్వులు వస్తాయి. దానివల్ల ఎక్కడ నవ్వాలో లోకానికి తెలిసింది, ఎందుకు నవ్వాలో మాత్రం తెలియలేదు. సగంలో ఆగిన ఆ పనిని మనం పూర్తిచేయాలి. వివరణ ముగిశాక వినిపించడానికి ఇంకో మీట పెట్టాలి. అది నొక్కితే వందమంది ఒక్కసారిగా ‘ఓహో, అదా!’ అనాలి.

ప్రతి చానల్‌కూ ఆస్థాన వ్యాఖ్యాతను నియమించడం మరో తక్షణ అవసరం. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టాడు. మొదటి సగం మనకు శిరోధార్యం. రెండో సగం పాటిస్తే మాత్రం మా వృత్తికి పుట్టగతులుండవు. అభ్యర్థి జోకు విని నవ్వితే ఇంటర్వ్యూలోనే పంపించేయాలి, నవ్వు నిష్పాక్షికతను దెబ్బతీస్తుంది.

ఇక ప్రేక్షకుల హక్కుల సంగతి. వివరణ మధ్యలో ‘అర్థమైంది, అర్థమైంది’ అని అబద్ధమాడే హక్కును వాళ్లకు చట్టబద్ధం చేయాలి. దీనికి ప్రభుత్వం పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు, అందరూ ఇప్పటికే వాడేస్తున్నారు.