దొంగకు ఒక రూలు, మంటకు ఇంకో రూలు

తెలుగులో ‘దొంగ అలారం’ అంటే దొంగ వస్తే మోగేది అనుకోవచ్చు, ఉత్తుత్తిగా మోగేది అనీ అనుకోవచ్చు. పోలీసుల దాకా వచ్చేసరికి ఈ రెండర్థాల మధ్య పెద్ద తేడా మిగలదు. అమెరికాలో పోలీసులకు అందే చోరీ అలారాల్లో నూటికి 94 నుంచి 98 వరకు ఉత్తవేనని అక్కడి న్యాయశాఖ పోలీసుల కోసం తెచ్చిన మార్గదర్శిని చెబుతోంది. మామూలుగా ప్రతిదానికీ ఇద్దరు వెళ్లాలి. చుట్టూ తిరిగి తలుపులు, కిటికీలు చూసుకునేసరికి ఓ 20 నిమిషాలు పోతాయి.

దీనికి అక్కడి నగరపాలక సంస్థలు కనిపెట్టిన మందు జరిమానా. అలారం పెట్టుకోవాలంటే పర్మిట్ ఉండాలి. ఏడాదిలో మొదటి కొన్ని తప్పుడు అలారాలు మాఫీ. ఆపైన ఒక్కోదానికీ పెరుగుతూ పోయే జరిమానా. బిల్లు చేతికొచ్చాక యజమాని జాగ్రత్తపడతాడన్న మాట నిజమే. కానీ కొందరి విషయంలో ఆ జాగ్రత్త అలారాన్ని ఆన్ చేయకుండా వదిలేయడం దాకా వెళ్తుంది. తప్పు ఎక్కడ పుడుతోందో చూడకుండా రాసిన నిబంధనతో వచ్చే చిక్కే ఇది.

ఎక్కువ తప్పులు సెన్సర్‌వి కావు, మనుషులవి. పొద్దున్నే షాపు తెరిచే మనిషిని చూడండి. తలుపు కదలగానే ఫ్రేములోని రీడ్ స్విచ్‌కు (అయస్కాంతం దగ్గరుందో లేదో పసిగట్టే స్విచ్) అయస్కాంతం దూరమవుతుంది, అలారాన్ని నడిపే పెట్టె, అంటే ప్యానెల్, 30 సెకన్ల లెక్క మొదలుపెడుతుంది. కోడ్ నొక్కి అలారం ఆపాల్సిన కీప్యాడేమో వెనక గదిలో ఉంది. చేతినిండా సంచులు, లైట్లు ఇంకా వెయ్యలేదు, కోడ్ నిన్ననే మారింది. రెండోసారి తప్పు నొక్కేలోపే సైరన్. దోషం ఆ మనిషిదా, కీప్యాడ్‌ను తీసుకెళ్లి వెనక గదిలో బిగించినవాడిదా? జరిమానా మాత్రం షాపుకే వస్తుంది.

మిగతావాటిలో చాలావరకు బిగింపు లోపాలు, నిర్వహణ లోపాలు. గదిలో కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్ మనిషిని గుర్తుపట్టదు. తన ముందున్న స్థలాన్ని కొన్ని పట్టీలుగా చూస్తూ, ఒక పట్టీ నుంచి ఇంకోదానికి కదిలే వేడిని పసిగడుతుంది. ఎండ పడే కిటికీకి ఎదురుగానో, హీటర్ గాలి తగిలేచోటో పెడితే అది మోగక ఏం చేస్తుంది? లెన్సు మీద సాలీడు నడిచినా చాలు. చెక్క తలుపు ఉబ్బి, మళ్లీ ఎండి, బందులు వదులైతే అయస్కాంతానికీ స్విచ్‌కూ మధ్య సందు పెరుగుతుంది. గాలి గట్టిగా వీచిన రాత్రి అది బయటపడుతుంది.

కాబట్టి నిబంధన పట్టుకోవాల్సింది ప్యానెల్‌ను, దాన్ని బిగించిన కంపెనీని. అమెరికాలో సీపీ-01 అనే ప్యానెల్ ప్రమాణం సరిగ్గా ఈ పనే చేస్తుంది. లోపలికి వచ్చినవాళ్లకు కనీసం 30 సెకన్ల వ్యవధి ఉండాలి. బయటికి వెళ్లేవాళ్లకు ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే 60 సెకన్లు ఇవ్వాలి. తాళాలు మరిచి మళ్లీ లోపలికొస్తే ఆ లెక్క మొదటి నుంచి మొదలవ్వాలి. అలారం మోగినా, దాన్ని అందుకుని పోలీసులకు చెప్పే మానిటరింగ్ సెంటర్‌కు వెంటనే కబురు పోకూడదు, రద్దు చేసుకోవడానికి కొన్ని సెకన్లు ఆగాలి. ఒకే జోన్ (ప్యానెల్ ఒక విభాగంగా చూసే సెన్సర్లు) పదేపదే మోగుతుంటే ప్యానెలే దాన్ని పక్కనపెట్టాలి. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులే. దీనికి తోడు, పోలీసులకు చెప్పేముందు సెంటర్ రెండు వేర్వేరు నంబర్లకు ఫోన్ చేసి తీరాలన్న షరతు పెడితే పొద్దుటి షాపు లాంటి కేసులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

కొన్ని నగరాలు ఇంకా ముందుకెళ్లాయి. సాల్ట్ లేక్ సిటీలో 2000 చివరి నుంచి, ఎవరైనా చూసి నిర్ధారిస్తేనే పోలీసులు వెళ్తున్నారు. 2024లో సియాటెల్ కూడా వీడియో, ఆడియో లేదా ప్రత్యక్ష సాక్షి ఉండాలంది. బ్రిటన్‌లో 12 నెలల వ్యవధిలో మూడు తప్పుడు కాల్స్ వస్తే పోలీసు స్పందననే ఉపసంహరిస్తారు. కఠినమే అయినా, చోరీ అలారం విషయంలో నాకిది సబబుగానే తోస్తుంది. పానిక్ బటన్‌ను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. దాన్ని నొక్కేది సెన్సర్ కాదు, మనిషి.

ఇదే తర్కాన్ని ఫైర్ అలారానికి అంటగడితే ప్రాణాల మీదికొస్తుంది. దొంగ వచ్చి వెళ్లాక పోలీసులు వస్తే పోయేది సొత్తు. మంటకు ఆలస్యమైతే పోయేవి ప్రాణాలు. జరిమానాకు భయపడ్డ వాచ్‌మన్ చేసే మొదటి పని, సతాయిస్తున్న డిటెక్టర్‌కు ప్లాస్టిక్ మూత తగిలించడం, లేదా ప్యానెల్‌లో ఆ జోన్‌ను ఐసొలేట్ చేయడం, అంటే పనిచేయకుండా ఆపేయడం. తప్పుడు అలారాల లెక్క తగ్గుతుంది, కాగితం మీద అంతా బాగుంటుంది.

స్కాట్లండ్‌లో 2023 జూలై నుంచి వాణిజ్య భవనాల్లో అలారం దానంతటది మోగితే, అగ్నిమాపక దళం రావాలంటే ముందు అక్కడివాళ్లే చూసి చెప్పాలి. జనం నిద్రపోయే భవనాలకు మినహాయింపు ఉంది. లండన్ 2024 అక్టోబరులో ఇలాంటి పద్ధతినే ఉదయం 7 నుంచి రాత్రి 8.30 వరకు పరిమితం చేసింది. ఎవరు మేలుకుని ఉంటారన్న ప్రశ్న చుట్టూ గీసిన గీత ఇది. గీయాల్సిన చోటే గీశారు.

భవనం లోపల కూడా దారి ఉంది. అమెరికా ఫైర్ అలారం కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం, శిక్షణ ఉన్న సిబ్బంది 15 సెకన్లలో ప్యానెల్ దగ్గర స్పందిస్తే, భవనమంతా మోగించే ముందు వెళ్లి చూసి రావడానికి 180 సెకన్ల దాకా దొరుకుతుంది. ఈలోపు రెండో డిటెక్టర్ మోగితే గడువు రద్దయి భవనమంతా మోగుతుంది. స్పందించేవాడే లేకపోతే అసలు గడువే లేదు.

ఇక పొగ డిటెక్టర్ సంగతి. ఫొటోఎలక్ట్రిక్ రకంలో ఒక చిన్న నల్లటి గది, అందులో ఒక ఎల్‌ఈడీ, దాని వెలుగు నేరుగా పడని చోట ఒక ఫొటోడయోడ్ ఉంటాయి. పొగ దూరితే వెలుగు చెదిరి డయోడ్ మీద పడుతుంది. దుమ్ము పేరుకున్నా, చిన్న పురుగు దూరినా, స్నానాల గది ఆవిరి వచ్చినా జరిగేది అదే. అయొనైజేషన్ రకం వంట పొగకు ఇంకా తొందరగా మోగుతుంది. అందుకే వంటగదిలో పొగ డిటెక్టర్‌కు బదులు 57 డిగ్రీల దగ్గర స్పందించే హీట్ డిటెక్టర్ పెడతారు. ఇలా మార్చాల్సిన చోట జరిమానా వేస్తే ఆ డబ్బుతో ఏ డిటెక్టరూ మారదు.

ఫైర్ అలారం తప్పుగా మోగినప్పుడు యజమానికి ఇవ్వాల్సింది బిల్లు కాదు, గడువుతో కూడిన మరమ్మతు ఉత్తర్వు. ఏ డిటెక్టర్ మోగింది, ప్యానెల్‌లో దాన్ని గుర్తించే అడ్రస్ నంబరు ఎంత, ఎప్పుడు శుభ్రం చేశారు, ఏం మార్చారు అన్నవి అందులో నింపి టెక్నీషియన్ సంతకం పెట్టాలి. గడువు దాటినా పని కాకపోతే అప్పుడు వెయ్యండి జరిమానా. ‘కారణం తెలియదు’ అని రాసిన ఫారాన్ని మాత్రం వెనక్కి పంపాలి.