గేరుబాక్సుకు అబద్ధం చెప్పకండి

మొన్న మళ్లీ అదే మాట విన్నాను. కార్బురేటర్ ఉన్న పాత కారు ఇంజిన్ వెనక కంప్యూటర్‌తో నడిచే ఆటోమేటిక్ గేరుబాక్సు బిగించడమంటే ఎద్దుల బండికి విమానం రెక్కలు కట్టడమేనట. అన్నది ఎవరో కాదు, కంప్యూటర్ లేకుండా కేబుల్‌తో నడిచే 700ఆర్4 అనే ఆటోమేటిక్ గేరుబాక్సులు ఇప్పటికే రెండు కాల్చుకున్న మిత్రుడు. ఆ రెండూ పోయింది కేబుల్ సరిగ్గా బిగించకపోవడం వల్లే. అయినా ఆయన దృష్టిలో తప్పు గేరుబాక్సుదే. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు.

ఈ విషయంలో నాకు ఓపిక నశించింది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

అసలు ఈ తంటా ఎందుకు? పాత షెవర్లే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) వెనక సాధారణంగా ఉండేది టర్బో 350 అనే ఆటోమేటిక్ గేరుబాక్సు. మూడే గేర్లు, పై గేరు ఒకటికి ఒకటి. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73, టైరు ఎత్తు 26 అంగుళాలు అనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ దాదాపు 3000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర అరుస్తూ ఉంటుంది. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే కన్వర్టర్ జారుడు కూడా కలిస్తే ఇంకొంచెం ఎక్కువే. అదే 0.70 ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పే నాలుగో గేరు), జారకుండా బిగుసుకునే లాకప్ కన్వర్టర్ ఉంటే 2100 చాలు. పక్కనున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. పైగా మొదటి గేరు 2.52 బదులు 3.06. కదిలేటప్పుడు లాగుడు అయిదో వంతు పెరుగుతుంది. వెనక యాక్సిల్‌ను ముట్టుకోకుండా రెండు వైపులా లాభమే.

జనరల్ మోటార్స్ 1982 మోడళ్లతో తెచ్చిన 700ఆర్4 ఈ నిష్పత్తులే ఇస్తుంది, దానికి కంప్యూటర్ కూడా అక్కరలేదు. "అదే పెట్టుకో, వైర్ల గొడవ ఉండదు" అని సలహా ఇచ్చేవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు. ఆ పెట్టెకు వైరు బదులు ఒక కేబుల్ ఉందని, ప్రాణమంతా దాని కొసన వేలాడుతోందని చెప్పరు. టీవీ కేబుల్ అంటారు. టెలివిజన్ కాదు, థ్రాటిల్ వాల్వ్. కాలు ఎంత నొక్కామో కార్బురేటర్ నుంచి గేరుబాక్సుకు మోసుకెళ్లేది అదే. గేరు ఎప్పుడు మారాలన్నదే కాదు, లోపల క్లచ్ ప్లేట్లను ఎంత ఒత్తిడితో పట్టుకోవాలన్నదీ ఆ కేబుల్ లాగుడు మీదే ఆధారపడి ఉంటుంది.

వేరే కార్బురేటర్ పెట్టారనుకోండి. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని తెరిచి మూసే తలుపు) మీటలో కేబుల్ తగిలించే రంధ్రం కొద్దిగా పైకో కిందికో జరిగిందంటే లెక్క మొత్తం తారుమారు. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు కేబుల్ సరిగ్గా ఉండి, సగం నొక్కినప్పుడు తక్కువ లాగవచ్చు. మనం కారు నడిపేది ఎక్కువగా ఆ సగంలోనే. ఒత్తిడి చాలక ప్లేట్లు జారుతాయి. జారుతున్న సంగతి మనకు తెలియదు, గేరు మెత్తగా మారుతోందని మురిసిపోతాం. నేనూ అలాగే మురిసిపోయాను. ఆయిల్ నల్లబడి మాడు వాసన వచ్చేసరికి మూడు-నాలుగు గేర్ల క్లచ్ ప్లేట్లు బొగ్గయ్యాయి. నన్ను తప్ప ఎవరినీ తిట్టుకోలేను. కేబుల్ కొలిచింది నేను, చాలులే అనుకున్నది నేను.

ఇప్పుడు 4ఎల్60ఈ సంగతి. 1993లో మొదలైన ఈ పెట్టె లోపల చాలావరకు ఆ 700ఆర్4 మనిషే, కానీ కేబుల్ లేదు. గేర్లు మార్చడానికి రెండు సోలెనాయిడ్లు (కరెంటుతో పనిచేసే కవాటాలు), ఒత్తిడి నియంత్రణకు ఒకటి, లాకప్‌కు మరొకటి. వెనక షాఫ్ట్ ఒక్కసారి తిరిగితే నలభై పల్సులు పంపే వేగం సెన్సర్. వీటిని నడిపించే కంప్యూటర్ కారులో లేదు కాబట్టి విడిగా ఒక కంట్రోలర్ కొనాలి. చాలామంది భయపడేది ఇక్కడే. నిజానికి ఆ పెట్టె తన పని తాను చేసుకుంటుంది. మనం ఇవ్వాల్సింది మూడే: నమ్మకమైన కరెంటు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందన్న సమాచారం, మన కాలు ఎంత నొక్కిందన్న నిజం. మొదటి రెండూ ఒక సాయంత్రం పని. మూడోదాని మీదే నా కోపమంతా.

కార్బురేటర్ బదులు కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే ఇంజెక్షన్ ఇంజిన్‌లో, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ ఫ్యాక్టరీ నుంచే కూర్చుని ఉంటుంది. కార్బురేటర్‌కు దాన్ని మనమే తగిలించాలి. సెన్సర్‌కు 5 వోల్టులు ఇస్తే, పెడల్ వదిలినప్పుడు సుమారు అర వోల్టు, పూర్తిగా నొక్కినప్పుడు నాలుగున్నర దాకా తిరిగి పంపుతుంది. ఆ మధ్య దూరంలోనే గేరుబాక్సు ఆయుష్షు ఉంది. అంత ముఖ్యమైన వస్తువును జనం ఎలా బిగిస్తారంటే, మిగిలిన రేకు ముక్క ఒకటి వంచి, రెండు కడ్డీలు కలిపి, ప్రతి కీలులో అర మిల్లీమీటరు వదులు వదిలేసి "పని చేస్తోంది కదా" అంటారు. చేస్తుంది, వారం రోజులు. ఇంజిన్ అదురుకు ఆ వదులు పెరుగుతుంది. కాలు కదలకపోయినా సెన్సర్ అంకె కదులుతుంది. కంట్రోలర్ దాన్ని నమ్మి మూడుకీ నాలుగుకీ మధ్య ఊగిసలాడుతుంది. అప్పుడు మొదలవుతుంది పాట: "చెప్పానా, ఎలక్ట్రానిక్ వద్దని!"

బిగించేటప్పుడు ఇంకో మాట మరవకండి. పెడల్ వదిలితే థ్రాటిల్ తనంత తాను పూర్తిగా మూసుకోవాలి. కొత్తగా తగిలించిన కడ్డీ ఎక్కడా పట్టేయకూడదు. గేరుబాక్సు పోతే డబ్బు పోతుంది, థ్రాటిల్ తెరుచుకుని ఇరుక్కుంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఇంజెక్షన్ కార్లవాళ్లకు తట్టని చిక్కులు కార్బురేటర్‌కు కొన్ని ఉన్నాయి. చల్లని ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ అందించే చోక్ ఒకటి. చల్లని ఇంజిన్‌లో దాని ఫాస్ట్ ఐడిల్ క్యామ్ అనే మెట్ల మీట థ్రాటిల్‌ను కొద్దిగా తెరిచి ఉంచుతుంది. ఆ స్థితిలో "ఇదే సున్నా" అని కంట్రోలర్‌కు నేర్పారో, ఇంజిన్ వేడెక్కాక లెక్క తప్పుతుంది. బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాకే సున్నా నేర్పండి. నాలుగు గొంతుల కార్బురేటర్‌లో వెనక జత ఇంకో చిక్కు. సెన్సర్ చూసేది ముందు షాఫ్ట్‌ను మాత్రమే. వాక్యూమ్‌తో తెరుచుకునే వెనక గొంతులైతే అవి ఎప్పుడు తెరుచుకున్నాయో దానికి తెలియదు. అందుకే సెట్టింగులలో పై సగానికి ఒత్తిడి కొంచెం ఉదారంగా ఇస్తాను. థ్రాటిల్ బదులు మానిఫోల్డ్ వాక్యూమ్ (ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోని పీల్పు) చూసే సెన్సర్ వాడేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ మామూలుదే అయితే అదీ మంచి దారే, ఇంజిన్ మీద పడే భారం దానికే బాగా తెలుస్తుంది. పెద్ద క్యామ్ పెట్టి ఐడిల్‌లో దడదడలాడే ఇంజిన్‌కు మాత్రం వద్దంటాను. ఆ వాక్యూమ్ ముల్లు నిమిషానికోసారి మాట మారుస్తుంది.

ఆర్పీఎం సమాచారం టాకోమీటర్ తీగ నుంచి తీసుకోవచ్చు. వీ8 అయితే ఒక్కో చుట్టుకు నాలుగు పల్సులు. స్పార్క్ ప్లగ్గుల తీగలు మాత్రం రెసిస్టర్ రకం ఉండాలి. లోహపు తీగ ఉన్న పాత రకం పెట్టుకుని, పక్కనే సెన్సర్ వైర్లు పాకించి, అంకెలు పిచ్చిగా గెంతుతున్నాయని కంట్రోలర్‌ను వెనక్కి పంపినవాళ్లను చూశాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు!

అందరూ దాటేసే మాట ఒకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఈ గేరుబాక్సు దాని సొంత ఫ్యాక్టరీ కారులో ఉన్నప్పుడు, గేరు మారే క్షణంలో కంప్యూటర్ ఇంజిన్ స్పార్క్‌ను కాస్త వెనక్కి లాగి బలం తగ్గించగలదు. కార్బురేటర్, స్పార్క్‌ను పంచే పాత డిస్ట్రిబ్యూటర్ ఆ సాయం చేయవు. ఇంజిన్ బలమంతా మారుతున్న క్లచ్ ప్లేట్ల మీదే పడుతుంది. కాబట్టి కార్బురేటర్ ఇంజిన్‌కు గేరు మార్పు ఒక పిసరు గట్టిగానే ఉండాలి. లాప్‌టాప్ తెరిచి, ఒత్తిడి తగ్గించి తగ్గించి, గేరు మారిందో లేదో తెలియనంత నున్నగా చేసుకుని గర్వపడేవాళ్లకు ఒక మాట: ఆ నునుపు ప్లేట్లు అరగడం వల్ల వచ్చింది. నేను ఒకసారి అలా మురిసి చేయి కాల్చుకున్నవాడిని, అందుకే చెబుతున్నాను.

"దారిలో వైరు తెగితే?" అని అడుగుతారు. ఒత్తిడి సోలెనాయిడ్‌కు కరెంటు పెరిగే కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. కరెంటు పూర్తిగా పోతే ఒత్తిడి గరిష్ఠానికి చేరుతుంది. అంటే చెడినా ప్లేట్లను కాపాడే వైపే చెడుతుంది. రెండు షిఫ్ట్ సోలెనాయిడ్లూ ఆగిపోతే 4ఎల్60ఈ మూడో గేరులో, పెద్దన్న 4ఎల్80ఈ రెండో గేరులో నిలుస్తాయి. బండి బద్ధకంగా కదులుతుంది, ఇల్లు చేరుస్తుంది.

4ఎల్80ఈ ప్రస్తావన వచ్చింది కాబట్టి, బలమైన ఇంజిన్ ఉన్నవాళ్లు దాన్నే చూడండి. పాత టర్బో 400 గేరుబాక్సు వంశం, గేరు నిష్పత్తులు 2.48, 1.48, 1, 0.75. చిన్నదానిలో మొదటి గేరు 3.06 నుంచి రెండోది 1.63కు పడేటప్పుడు 5000 ఆర్పీఎం కాస్తా 2660కి జారుతుంది. పెద్ద క్యామ్ ఇంజిన్‌కు అక్కడ ఊపిరి ఆడదు. పెద్దదానిలో 2980 దగ్గర నిలుస్తుంది. బరువు ఎక్కువ, చోటు ఎక్కువ కావాలి, అది నిజమే.

ఇనుప పని గురించి ఎక్కువ రాయను. క్రాస్ మెంబర్ జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చాలి, ఆయిల్ కూలర్ పెట్టాలి. 1986 నుంచి వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8లో క్రాంక్ వెనక సీలు ఒకే ముక్క, దాని ఫ్లెక్స్ ప్లేట్ (క్రాంక్‌ను కన్వర్టర్‌తో కలిపే రేకు చక్రం) వేరు. 1995 నుంచి 4ఎల్60ఈలో లాకప్‌కు అదనపు సోలెనాయిడ్ ఉంది కాబట్టి, పెట్టె ఏ సంవత్సరానిదో కంట్రోలర్‌కు చెప్పండి. కన్వర్టర్‌ను చివరి దాకా లోపలికి తోశాక ఫ్లెక్స్ ప్లేట్‌కూ దానికీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా బోల్టులతో లాగి బిగిస్తే ఇంజిన్ మొదటిసారి తిరగగానే లోపలి పంపు పగులుతుంది.

ఎవరికి వద్దంటారా? కారును పుట్టినప్పటిలాగే ఉంచాలనుకునేవాళ్లకు వద్దు. ఊరు దాటి వెళ్లనివాళ్లకూ వద్దు, మూడు గేర్లు చాలు. దూరాలు తిరిగేవాళ్లు మాత్రం కేబుల్ మీద భక్తి వదులుకోండి.

నా బండిలో మిగిలింది స్పీడోమీటర్ ఒక్కటే. కొత్త పెట్టెకు పాత కేబుల్ తగిలించే చోటే లేదు. సెన్సర్ పల్సులను బట్టి చిన్న మోటారుతో ఆ పాత కేబుల్‌ను తిప్పే డబ్బా పెట్టాను. అరవై దాటగానే ముల్లు వణుకుతోంది. డబ్బా తప్పనుకుని రెండు రోజులు దాన్నే తిట్టాను. విప్పి చూస్తే కేబుల్ ఎండిపోయి ఉంది, గ్రీజు చుక్క లేదు.