రైలు కార్మికుడి ఉత్పాదకతలో బయటివాళ్ల పనెంత?

అమెరికా సరుకు రైళ్ల గురించి గొప్పగా చెప్పేవాళ్లు చూపేది ఒకే లెక్క. 1980లో క్లాస్ వన్ (అన్నిటికన్నా పెద్ద) రైలు కంపెనీల్లో సుమారు 4.58 లక్షల మంది పనిచేసి, దాదాపు 91,900 కోట్ల టన్ను-మైళ్ల రవాణా చేశారు (ఒక టన్ను సరుకు ఒక మైలు మోస్తే ఒక టన్ను-మైలు). 2000 నాటికి ఉద్యోగులు 1.68 లక్షలకు తగ్గారు, రవాణా 1,46,600 కోట్ల టన్ను-మైళ్లకు పెరిగింది. తలకు 20 లక్షలు ఉన్నది 87 లక్షలైంది. ఈ పెరుగుదలలో చాలా భాగం నిజమే. రైలు చివరి బ్రేకు పెట్టె, దాంట్లో కూర్చునే మనిషి పోయి చిన్న ఎలక్ట్రానిక్ పరికరం వచ్చింది. ఐదు పాత ఇంజన్లు లాగే బొగ్గు రైలును 1990ల్లో ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) మోటార్లున్న మూడు ఇంజన్లు లాగాయి. పేచీ మిగతా భాగంతోనే.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. వెయ్యిమంది, ఏడాదికి తలా 2,000 గంటలు: మొత్తం 20 లక్షల పనిగంటలు. రవాణా 800 కోట్ల టన్ను-మైళ్లు. అంటే గంటకు 4,000. ఇంజన్ షెడ్డులోని 150 మందిని తీసేసి, మరమ్మతు కాంట్రాక్టుకిచ్చారు. పనిగంటలు 17 లక్షలయ్యాయి, ఉత్పాదకత 4,706కు ఎగబాకింది. 17.6 శాతం! కాంట్రాక్టరు అదే పనిని 2.7 లక్షల గంటల్లో చేశాడనుకోండి. వాటినీ కలిపితే గంటకు 4,061. అసలు లాభం ఒకటిన్నర శాతమే.

పట్టాలను అరగదీసి నున్నచేయడం, స్లీపర్ల మార్పిడి, యార్డుల్లో కంటైనర్లు ఎత్తి దించడం, ఇతరుల వ్యాగన్లకు కట్టే అద్దె అన్నిటిదీ ఇదే దారి. మనిషి జీతాల పద్దులోంచి మాయమై బిల్లుగా తిరిగొస్తాడు. ఆచూకీ దొరకకపోదు. అమెరికాలో రైళ్లను నియంత్రించే సర్‌ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డుకు కంపెనీలు ఏటా ఇచ్చే ఆర్-1 నివేదికలో జీతాలు, సామగ్రి-ఇంధనం, కొనుగోలు సేవలు వేర్వేరు గడుల్లో ఉంటాయి. జీతాల గడి తగ్గుతూ సేవల గడి ఉబ్బుతుంటే అనుమానించాలి.

అయితే ఆ డాలర్లను నేరుగా పోల్చకూడదు. కాంట్రాక్టరు రేటు పెంచితే బిల్లు పెరుగుతుంది, పని పెరగదు. అందుకే ముందు ధరల మార్పు తీసేయాలి. డీజిల్‌ను గ్యాలన్లలోనే లెక్కించాలి. ఆ తర్వాత కార్మికుడి గంటకు కొనుగోళ్లు ఎంత శాతం పెరిగాయో చూసి, మొత్తం ఖర్చులో వాటి వాటాతో గుణించాలి. వాటా 40 శాతం, పెరుగుదల 5 శాతమైతే, ఉత్పాదకత వృద్ధిలో 2 శాతం పాయింట్లు కొనుగోళ్లవే. యంత్రాల వాటానూ ఇలాగే తీసేశాక మిగిలేదే అసలు సామర్థ్యం. సేవలకు సరైన ధరల సూచీ దొరకడమే ఇందులో కష్టం. ఇంజన్ మరమ్మతుకు సాధారణ టోకు ధరల సూచీ వాడితే జవాబు ఎటైనా జారుతుంది.

బయటి పని నాసిగా ఉంటే దెబ్బ లోపలి గంటలకే తగులుతుంది. సరిగా బాగుచేయని ఇంజన్ దారిలో ఆగిందనుకోండి. రైలు సిబ్బందికి చట్టం పెట్టిన హద్దు 12 గంటలు. అది దాటితే బండి కదపకూడదు. మరో జట్టు రావాలి. ఒకే రైలుకు రెండు జట్ల గంటలు పడతాయి, ఉత్పాదకత పడిపోతుంది. ఆ జట్టును వ్యాన్‌లో దింపే డ్రైవరు తరచుగా కాంట్రాక్టు మనిషే. అతని గంటలు ఈ లెక్కలో ఎక్కడా కనిపించవు.