లోకానుసారమైన బీటు విషయమై రిథమ్ ప్యాడ్ గారికి

ప్రభువునందు ప్రియులైన రిథమ్ ప్యాడ్ గారికి,

వందనాలు. రబ్బరు పలకల మీద కొడితే రకరకాల వాయిద్యాల్లా మోగే కరెంటు డ్రమ్ము మీరు. కంపెనీ పేరు కన్నా దాతగారి ఇంటిపేరు పెద్దక్షరాల్లో అంటించుకుని పుల్పిట్ పక్కన కొలువుతీరిన నాటి నుంచి మా సంఘ పెద్దలకు కంటి మీద కునుకు లేదు. మొన్నటి కమిటీలో మీ మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: మీ బీటు లోకానుసారమైనదట. ఏ బీటు లోకానిదో, ఏది పరలోకానిదో ఎలా తేల్చారని అడక్కండి, దానికో పద్ధతుంది. పాట ఎత్తుకోగానే కోశాధికారి గారి కుడికాలి బొటనవేలు చూస్తాం. కదలకపోతే ఆత్మ సంబంధం, కదిలితే శరీర సంబంధం. వేలు ఆయనదే గానీ తప్పు మీది.

మీరు వాక్యం ఎత్తి వాదిస్తారేమో, ఆ పప్పులేం ఉడకవు. 150వ కీర్తనలో తంబుర, నాట్యం, పిల్లనగ్రోవి, గంభీరధ్వనిగల తాళములు అన్నీ ఉన్నమాట నిజమే. పండగ పండక్కీ దాన్ని భక్తిగా చదువుతాం. చదివేంతసేపూ మిమ్మల్ని ఆఫ్‌లో పెడతాం.

ఈ అవమానం మీకొక్కరికే జరిగిందనుకోకండి. ఇవాళ ఇంత పెద్దరికం వెలగబెడుతున్న ఆర్గన్, ఒకప్పుడు రోమన్ల పోటీ మైదానాల్లో గ్లాడియేటర్లు పొడుచుకుంటుంటే పక్కన కూర్చుని మోగింది. జ్యూరిక్‌లో ప్రొటెస్టెంట్ మత సంస్కర్త జ్వింగ్లీ, తాను స్వయంగా నాలుగైదు వాయిద్యాలు వాయించగలిగీ, 1520ల్లో చర్చిల్లోంచి ఆర్గన్లను సాగనంపాడు. 1903లో పోప్ పదో పయస్ డ్రమ్ములతో పాటు పియానోనూ వద్దన్నాడు. పియానోని! మా క్వయిర్‌లో అంతకన్నా బుద్ధిమంతురాలు లేదే. మన దగ్గర తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచీ దేవుణ్ణి కర్ణాటక రాగాల్లో పాడుకున్నాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తినే రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి. శంకరాభరణంలో స్తుతిస్తే ఇప్పుడు ఎవరికీ పట్టింపు లేదు. మీరూ కాస్త ఓపిక పట్టండి. ఇంకో యాభై ఏళ్లు పోతే, "ఆ రోజుల్లో ప్యాడ్స్ ఎంత భక్తిగా ఉండేవి" అని మీ రబ్బరు పలకలు తలుచుకుని కళ్లు తుడుచుకుంటాం.

అసలు సంగతి ఇది కాదు. మీ పై వరసలో కుడిచివరి పలక ఉంది చూశారూ, దాని గురించి రాద్దామని కూర్చున్నాను. దాన్ని కొడితే డప్పు మోగుతుంది. మంట మీద కాచిన తోలు మీద లావుపాటి కర్ర, సిర్ర, పడితే వచ్చే ఆ గట్టి మోత, వెంటనే సన్నటి చిటికెనపుల్ల చిటచిట, అచ్చం అదే. పోయిన క్రిస్మస్‌కి ఆ పలక మీద పాటంతా నడిపిస్తే పెద్దలు కూడా చప్పట్లు కొట్టారు. అంతకుముందు వారమే మా సంఘస్థుడొకడు తన డప్పు తెచ్చి వాయిస్తానంటే, "అది చావులకీ జాతరలకీ కొట్టేది, అన్యాచారం" అని గేటు దగ్గరే ఆపేశారు. ఆయనకు బాప్తిస్మం ఉంది, దశమభాగం బాకీ కూడా లేదు. మరి మీ బాప్తిస్మం రిజిస్టర్‌లో ఎక్కడుందో నాకైతే కనబడలేదు. తోలు మీద మోగితే అన్యాచారం, రబ్బరు మీద మోగితే ఆరాధన! తోలు ఒలిచి ప్లాస్టిక్ తొడిగితే డప్పుకి కూడా రక్షణ దొరుకుతుందన్నమాట.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ తరం విశ్వాసులు ఊరి జాతరలకు డప్పు కొట్టం పొమ్మన్నారు. ఊరి పెద్దలకు ఎదురుతిరిగి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! వాళ్లు వదిలించుకున్నది విగ్రహం ముందు చాకిరీని, నెత్తిన రుద్దిన వెట్టిని. ఆ తెగువ పోయి, డప్పంటే చిన్నతనం ఒక్కటే మా వంతుకు మిగిలింది. ఆ చిన్నతనానికే మేం పరిశుద్ధత అని పేరు పెట్టుకున్నాం.

వచ్చే ఆదివారం మీ మీద మళ్లీ కమిటీ ఉంది. చర్చకు వచ్చేవి రెండే: మీ వాల్యూమ్ తగ్గించడం, మీకు కొత్త స్టాండు కొనడం. డప్పు ఊసే లేదు. అందుకని మీరే ఒక సాక్ష్యం చెప్పాలి. ఆ కుడిచివరి పలకలో ఉన్న శబ్దాన్ని ఎక్కడో ఒక స్టూడియోలో, నిజమైన డప్పు మీద, నిజమైన మనిషి కొడితేనే రికార్డు చేశారని కమిటీ ముందు నోరు విప్పి చెప్పండి. అది విని మావాళ్లు మిమ్మల్ని కూడా గేటు బయట పెట్టారనుకోండి, కంగారుపడకండి. బయట మీకు తాళం అందుకునే ఆయన ఉన్నాడు, మీకన్నా బాగా వాయిస్తాడు, కరెంటు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
సంఘ సభ్యుడొకడు